కొలిమి దేవుడి భార్యకు నేను కట్టిన చీర

ముందు కాగితం, తర్వాత రంగు

నేను నా బతుకులో ఎక్కువగా రాసినవి అంకెలు. వాగన్ల పక్కల మీద తెల్ల అంకెలు, క్వార్టర్ల తలుపుల మీద నల్ల అంకెలు, కరెంటు స్తంభాల మీద పసుపు అంకెలు. బస్తరు కొండల్లో గని తెరిచి, ఇనుపరాయిని విశాఖ రేవుకు దించడానికి లైను వేసిన కొత్తలో, విజయనగరం పక్క పల్లె నుంచి బ్రష్షుల సంచీ ఒకటి చంకన పెట్టుకుని వచ్చాను. బడి ఐదో తరగతితో సరి. ఆ తర్వాత నేర్చుకున్నదంతా పాత పత్రికల్లోంచీ, క్లబ్బు లైబ్రరీలో ఎవరూ తెరవని పుస్తకాల్లోంచీ, చేసిన తప్పుల్లోంచీ. ఇంగ్లీషు కూడా అట్లాగే వచ్చింది, నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో మాట గీరుకుంటూ.

ఇప్పుడు టౌన్‌షిప్‌లో పెయింటింగ్ పనికి వచ్చే కుర్రవాళ్ళు నన్ను అడిగేది, ఏ గ్రేడు నుంచి ఏ గ్రేడుకు ఎన్నాళ్ళు పట్టింది, సర్వీసు ఎట్లా లెక్కిస్తారు అని. అవి ఆఫీసులో అడగండి, చెబుతారు. ఆఫీసువాళ్ళు చెప్పనివి ఇక్కడ రాస్తాను. అందులో ముఖ్యమైనది నేను చేసిన ఒక తప్పు, దాని మీద ఆడిన ఒక అబద్ధం.

నాకు పని నేర్పినవాడు ఏసురత్నం మేస్త్రీ. వాగన్ షెడ్డులో పెయింటర్లకు పెద్ద. భీమిలి మనిషి, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే రేకులు అదిరేవి. రంగు డబ్బా మూత తీయడానికి ముందు ఆయన మా చేతుల్లో వాటర్ పేపర్, అదే ఉప్పు కాగితం, పెట్టేవాడు. నునుపు మీద రంగు నిలవదు, జారిపోతుంది. గీరి గరుకు చేస్తేనే పట్టుకుంటుంది. ఎవడైనా ఆ పని ఎగ్గొడితే గోరుతో రంగు ఊడబెరికి చూపించేవాడు.

"కాగితం కొట్టకండా ఏసింది రంగు కాదురా అప్పన్నా, మొకానికి పౌడరు. వానొస్తే ఏటి మిగుల్తాది?"

రెండేళ్ళలో ఆ అలవాటు నా చేతిలోకి ఇంకిపోయింది. నిగనిగలాడే ఏదైనా కనిపిస్తే నా కుడిచెయ్యి జేబులో కాగితం ముక్క కోసం తడిమేది. పెళ్ళిలో ఇచ్చిన స్టీలు బిందెను చూసినా అంతే. నా భార్య నవ్వేది.

షెడ్డు తర్వాత టౌన్‌షిప్ మెయింటెనెన్సులో చేరాను. అక్కడ నాకు మొదటి గొడవ ప్రమాద సూచికల దగ్గర వచ్చింది. కన్వేయరు పక్కన పెట్టే బోర్డుల మీద హిందీ, ఇంగ్లీషు రాయమన్నారు. అక్కడ పనిచేసేవాళ్ళలో సగం మంది హల్బీ, గోండీ మాట్లాడేవాళ్ళు, ఏ అక్షరమూ రానివాళ్ళు. చదవలేనివాడి పక్కన అక్షరాలు నిలబెట్టి, తర్వాత చెయ్యి పోతే "బోర్డు పెట్టాం కదా" అనడం ఏం న్యాయం? అక్షరాల కింద నేను అడగకుండానే బెల్టులో ఇరుక్కున్న చెయ్యి బొమ్మ వేశాను. దానికి మెమో వచ్చింది. బొమ్మ మాత్రం ఉండిపోయింది. ఆ తర్వాత పెట్టిన అన్ని బోర్డుల మీదా ఆ చెయ్యే వేయమన్నారు, మెమో సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ వృత్తిలో మెచ్చుకోలు అంటే అంతే. మెమో ఆగిపోతే మెచ్చుకున్నట్టు.

గోడ మీది కొలిమి

టౌన్‌షిప్ గెస్ట్‌హౌస్ హాలులో ఒక తైలవర్ణ చిత్రం ఉండేది. ఎక్కడో ఒక దొరగారి పాత బంగళా ఖాళీ చేసినప్పుడు, గోడ బోసిగా ఉందని పట్టుకొచ్చి తగిలించారట. మనిషి కన్నా ఎత్తు, ఎత్తుకన్నా వెడల్పు. చుట్టూ బంగారు పూత రాలిపోయిన చెక్క చట్రం. చట్రం మీద దుమ్ము తుడవడం నా డ్యూటీ. బొమ్మను ముట్టుకోవద్దని హుకుం.

బొమ్మలో ఒక చీకటి కొలిమి. వల్కన్ అనే దేవుడు, పాశ్చాత్యుల పురాణాల్లో కమ్మరి. అవిటి కాలు, నెరిసిన గడ్డం. చుట్టూ ముగ్గురు పనివాళ్ళు. ఒకడు తిత్తి దగ్గర, ఒకడు పట్టకారుతో, ఒకడు సమ్మెట ఎత్తి. కుడివైపు నుంచి ఆయన భార్య వీనస్ లోపలికి వస్తోంది, కొడుక్కి ఆయుధాలు చేయించుకోవడానికి. ఒంటి మీద నూలుపోగు లేదు. వెలుగంతా కొలిమిలోంచి వచ్చి ఆమె ఎడమ భుజం మీద పడుతుంది. కథ నాకు లైబ్రరీలో ఒక లావుపాటి పుస్తకంలో దొరికింది. ఆ వెలుగూ చీకటీ కలిపి వేసే పద్ధతికి యూరప్‌లో బరోక్ అనే పేరు ఉందని కూడా అందులోనే చదివాను.

ఈ బొమ్మను ఎట్లా చూడాలో పుస్తకం చెప్పలేదు, బుద్రు చెప్పాడు. బుద్రు వర్క్‌షాప్ కమ్మరిశాలలో సమ్మెట మనిషి. అతని తాతలు ఈ కొండల రాయినే మట్టికొలిమిలో కరిగించి ఇనుము తీసినవాళ్ళు. ఆ తాతల మనవడు మా వర్క్‌షాపులో కూలీ సమ్మెట పట్టాడు, కొండ మాత్రం ఓడలెక్కి పోయింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఒకరోజు గెస్ట్‌హౌస్ గేటు కమ్ములు బిగించడానికి వచ్చినవాణ్ణి హాలులోకి తీసుకెళ్ళి బొమ్మ చూపించాను. ఆ బట్టల్లేని అమ్మాయిని చూసి నవ్వుతాడేమో అనుకున్నాను. అతను ఆమె వంకే చూడలేదు. దాగలి మీద ఉన్న ఇనుప ముక్కనే చాలాసేపు చూసి, హల్బీలో అన్నాడు. తెలుగులో చెబితే ఇది:

"ఇనుము చల్లారిపోతోంది. ఇంకో రెండు దెబ్బలకు పనికొస్తుంది, అంతే. వీళ్ళంతా ఆమెను చూస్తూ నిలబడ్డారు."

అప్పుడు చూశాను. ఆ ముక్క చివర నారింజ రంగు, మధ్యలో ముదురు ఎరుపు, పట్టకారు దగ్గర నలుపు. గీసినవాడు ఎవడో నిజమైన కొలిమి పక్కన నిలబడి చూసి గీశాడు. అప్పటిదాకా రంగంటే నాకు డబ్బా మీద ఉన్న పేరు. ఆ రోజు నుంచి అది ఒక వస్తువు ఎంత వేడిగా ఉందో, ఎంత పాతదో, ఎంతసేపటికి మారుతుందో చెప్పే గుర్తు అయింది. వారానికి ఒకసారి తుడవాల్సిన చట్రాన్ని రోజూ తుడవడం మొదలుపెట్టాను.

చీర

అప్పటి ఎస్టేట్ ఆఫీసరు పేరు రాయను. మెయింటెనెన్సు అంతా ఆయన చేతి కింద. మంచి కుటుంబీకుడు, రోడ్లు బాగా వేయించాడు. బొమ్మల విషయంలో మాత్రం ఆయనకు కళ్ళు లేవు, భయం ఉంది. పైనుంచి ఒక పెద్దమనిషి కుటుంబంతో వచ్చి వారం రోజులు గెస్ట్‌హౌస్‌లో దిగుతాడని కబురు వచ్చింది. ఆఫీసరు నన్ను హాలులోకి పిలిచి, ఆ దేవతకు బట్టలు వేయమన్నాడు.

పరదా కడదాం సార్ అన్నాను. పరదా కడితే వచ్చిన ప్రతివాడూ ఎత్తి చూస్తాడన్నాడు. ఆ మాటలో నిజం ఉంది, కాదనలేను. బొమ్మను దింపి గోదాములో పెడదామన్నాను. గోడ మీద తెల్లటి మచ్చ కనిపిస్తుందన్నాడు. ఇది పాత బొమ్మ సార్, ఎవరో గొప్ప పనివాడు వేసింది, దాని మీద నేను రంగు వేస్తే పాపం అన్నాను. ఆయన హిందీలో ఒక్క ముక్క అన్నాడు:

"తుమ్ పెయింటర్ హో యా పండిత్?"

పెయింటర్ని. ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఒప్పుకున్నాను.

కానీ మనసులో ఒక ఉపాయం పెట్టుకునే ఒప్పుకున్నాను. మా ఊళ్ళో చిన్నప్పుడు నాటకాల తెరలకు రంగు వేసేవాళ్ళం. తుమ్మజిగురులో కలిపిన రంగు నీళ్ళు తగిలితే కరిగిపోతుంది. చీర ఆ రంగుతో వేస్తే, పెద్దమనిషి వెళ్ళిన మర్నాడు తడి దూదితో తుడిచేయవచ్చు. బొమ్మకు ఏమీ కాదు. ఆఫీసరుకు చెప్పలేదు, చెబితే నీళ్ళకు పోని ఎనామిల్ వేయమంటాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ హాలు తలుపులు వేసుకుని నిచ్చెన ఎక్కాను. మొదటి గీత ఆమె ఎడమ భుజం మీద, పైట అంచు దగ్గర. రంగు పట్టలేదు. పాత వార్నిషు నునుపు మీద చుక్కలు చుక్కలుగా విడిపోయి జారింది. బ్రష్షు ఎడమచేతిలోకి మార్చాను. ఆ తర్వాత జరిగింది నేను ఆలోచించి చేసింది కాదు. కుడిచెయ్యి జేబులోకి వెళ్ళింది, వాటర్ పేపర్ ముక్క తీసింది, ఆ భుజాన్ని గీరింది. రెండు సార్లు. వాగన్ తలుపును గీరినట్టు.

మూడోసారి చెయ్యి లేచి ఆగింది. కాగితం తిప్పి చూశాను. నల్ల కాగితం మీద ఎరుపు. పొడి పొడిగా, వెచ్చని గోధుమ ఎరుపు. భుజం మీద కొలిమి వెలుగు ఏ రంగులో ఉండేదో సరిగ్గా ఆ రంగు.

నిచ్చెన మీదే కూర్చుండిపోయాను. ఎన్ని వందల ఏళ్ళ కిందటి పనివాడో, ఆ వెలుగు కోసం ఎన్నాళ్ళు కూర్చున్నాడో, దాన్ని నేను రెండు గీతల్లో కాగితంలోకి ఎత్తేశాను. భుజం వంక మళ్ళీ చూడలేదు. చూస్తే ఎంత పోయిందో తెలిసిపోతుంది. గబగబా జిగురు రంగులో కుంకుడు రసం కలిపాను. అది కలిపితే రంగు జారకుండా నిలబడుతుంది, ఆ సంగతి ఒక నిమిషం ముందు గుర్తుకు రాలేదు. ముందుగా ఆ భుజం మీదే దట్టంగా వేసి మూసేశాను. తర్వాత మిగతా చీర.

నీలం చీర, పసుపు అంచు, అంచులో చిన్న చిన్న ఎర్ర గళ్ళు. కొత్త అంచు ఆలోచించే స్థితిలో లేను, చేతికి తెలిసిన అంచే వచ్చింది.

అబద్ధం

పెద్దమనిషి వచ్చాడు, వారం ఉన్నాడు, వెళ్ళాడు. బొమ్మ వంక చూశాడో లేదో కూడా ఎవరికీ తెలియదు. కానీ టౌన్‌షిప్ ఆడవాళ్ళు గుంపులుగా వచ్చి చూశారు. ఆ అంచు ఏ ఊరి నేతో చెప్పమని ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు కూడా. నా భార్య సత్యవతి కూడా రైల్వే క్వార్టర్లవాళ్ళతో కలిసి వెళ్ళి చూసి వచ్చింది. ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే అడిగింది.

"అది నా సీరంచు కాదేటి? ఊరందరి ముందరా నా సీర దానికి కట్టడానికి సిగ్గునేదా నీకు?"

నవ్వుతూనే అడిగింది. నేను నవ్వలేదు.

మర్నాడే తుడిచేయాలన్న నా ఉపాయం సంగతి? తుడవలేదు. తుడిస్తే కింద ఉన్న గాయం బయటపడుతుంది. అదే నా భయం. ఏడాదికి ఆ ఆఫీసరు బదిలీ అయి, కొత్తాయన వచ్చాడు. ఆయన చదువుకున్నవాడు, బొమ్మలంటే ప్రీతి ఉన్నవాడు. చీర చూసి తల పట్టుకున్నాడు. నన్ను పిలిపించి, కోప్పడకుండా, అది తీయడానికి వీలవుతుందా అని అడిగాడు. నిజం చెప్పడానికి అంత మంచి మనిషి మళ్ళీ దొరకడు.

"రాదు సార్. పట్టేసింది," అన్నాను.

ఆయన సరే అని వెళ్ళిపోయాడు. నేను ఆడిన పెద్ద అబద్ధం అదే. నీళ్ళతో పోయే రంగును పోదని చెప్పాను. ఇరవై ఏళ్ళు సర్వీసులో, పదేళ్ళు రిటైరయ్యాక, ఆ చీర అట్లాగే ఉంది. చట్రం తుడిచే పని కూడా వేరేవాడికి అప్పజెప్పించాను. ఆ కాగితం ముక్క మాత్రం పారేయలేకపోయాను. మడిచి బిస్కెట్ల రేకు డబ్బాలో, బ్రష్షుల అడుగున పెట్టాను. సత్యవతి ఒకసారి చెత్తలో వేయబోతే లాక్కున్నాను. అప్పుడు చెప్పాను ఆమెకు. ఆమె విని, చీర తీయగలవా అని అడిగిన ఆ ఆఫీసరు దగ్గరకెళ్ళి చెప్పేయమంది. ఆయన అప్పటికే బదిలీ మీద వెళ్ళిపోయాడు.

కుర్రవాళ్ళకు ఇక్కడ ఒక్క మాట. తప్పు చేసినప్పుడు పని చెడేది ఒక్క చోట. దాన్ని మూసిపెట్టినప్పుడు, ఆ తర్వాత చేసే ప్రతి పనిలోనూ చెయ్యి వెనక్కి లాగుతుంది. ఆ ఏళ్ళలో నేను కాగితం కొట్టాల్సిన చోట కూడా భయపడి మెత్తగా కొట్టాను. నా చేతి కింద వేసిన క్వార్టర్ల తలుపులు ఎన్నో రెండు వానలకే పొరలు లేచాయి. ఏసురత్నం మేస్త్రీ చూసి ఉంటే గోరుతో ఊడబెరికేవాడు.

గిన్నెలో నీళ్ళు

రిటైరై జగదల్‌పూర్‌లో ఉంటున్నాం. పాత బొమ్మలు బాగుచేసే ఒక అమ్మాయిని టౌన్‌షిప్‌కు పిలిపించారని, గెస్ట్‌హౌస్ బొమ్మ మీద పని మొదలవుతుందని తెలిసింది. రేకు డబ్బా చంకన పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను. ఆమె ఆ భుజం మీద చెయ్యి వేయడానికి ముందే నేను చెప్పాలి. ఆ గాయం తన చేతిలో అయిందని ఆమె అనుకోకూడదు, ఎవరూ ఆమెను అనకూడదు.

ఆమె పేరు సునీత, తెలుగు సరిహద్దులోని కొంటా అమ్మాయి. వాళ్ళ నాన్నది అక్కడ కిరాణా కొట్టు. ఈ విద్య ఎక్కడో దూరాన చదువుకుని వచ్చింది. బొమ్మను గోడ నుంచి దింపి, బల్ల మీద పడుకోబెట్టి, కిటికీ వెలుగులో కళ్ళకు భూతద్దం పెట్టుకుని చూస్తోంది. నన్ను చూసి ఎవరు తాతా అంది. చీర కట్టినవాణ్ణి అన్నాను. కుర్చీ చూపించింది. కూర్చోకుండా మొత్తం చెప్పాను. పరదా, తుమ్మజిగురు, కుంకుడు రసం, వాటర్ పేపర్, రెండు గీతలు, పట్టేసింది సార్ అన్న అబద్ధం. ఆమె మధ్యలో ఒక్కసారే ఆపింది.

"ఉప్పు కాగితంతోటి గీకినవా? బొమ్మ మీద? తాతా, నీ చెయ్యి ఇరగ్గొట్టాలె."

ఇరగ్గొట్టమ్మా అన్నాను. డబ్బా తెరిచి కాగితం ముక్క ఆమె చేతిలో పెట్టాను. ముప్పై ఏళ్ళయినా ఆ ఎరుపు అట్లాగే ఉంది. ఆమె దాన్ని భూతద్దంతో అటూ ఇటూ తిప్పి చూసింది. వేలితో రుద్ది, వాసన చూసింది. లేచి వెళ్ళి తెల్ల ఎనామిల్ గిన్నెలో నీళ్ళు తెచ్చి, ఆ కాగితాన్ని అందులో వదిలింది.

నీళ్ళలోకి ఎరుపు దిగింది. ముందు సన్నటి పోగుల్లాగా, తర్వాత పొగలాగా, చివరికి గిన్నెంతా. కాగితాన్ని వేళ్ళతో ఒక్కసారి నలిపి పైకి తీసింది. ఎరుపు పూర్తిగా పోయింది, నల్ల కాగితం మీద లేత పసుపు పొడి కాస్త మిగిలింది.

"నూనె రంగు మూడొందల ఏండ్లు ఎండినంక నీళ్ళల్ల కరుగుతదా? పెయింటర్‌వి నువ్వు, నువ్వే చెప్పు."

కరగదు. నేను గిన్నెలోకే చూస్తున్నాను. ఆ నీళ్ళ రంగు నాకు తెలుసు. వానాకాలం గని కిందుగా దిగే వాగు రంగు. ఆ వాగు నీళ్ళు తాగలేమని పల్లెలవాళ్ళు వచ్చి ఆఫీసు ముందు కూర్చున్నప్పుడు, వాళ్ళ బిందెల అడుగున చూసిన రంగు. నా చొక్కా కాలర్ల మీద, పిల్లల పుస్తకాల మీద, అన్నం గిన్నెల మీద రోజూ సత్యవతి కడిగిన రంగు.

"గనిదుమ్ము," అన్నాను.

"మరేంది? ఇది మన వాగు నీళ్ళే కద తాత."

తర్వాత ఆమె నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. అడుగున పాత పనివాడి రంగు. దాని మీద ఏళ్ళ తరబడి పసుపెక్కిన వార్నిషు, మందంగా. ఎండాకాలంలో ఆ వార్నిషు మెత్తబడి జిగురుగా అయితే, కిటికీలోంచి వచ్చిన గనిదుమ్ము దాంట్లో అతుక్కుంది. నా కాగితం గీరింది ఆ దుమ్మును, కాస్త వార్నిషు పైపొరను. రంగు దాకా వెళ్ళి ఉండదని ఆమె అంచనా. అయినా కళ్ళతో చూస్తేనే నమ్మాలని, సన్నటి పుల్లకు దూది చుట్టి నీళ్ళలో ముంచి నా చీర మీద పెట్టింది.

ముప్పై ఏళ్ళ కిందటి నా తుమ్మజిగురు, నేను అనుకున్నట్టే కరిగింది. పసుపు అంచు ముందు పోయింది, తర్వాత నీలం. ఒక దూది, ఇంకో దూది, ఇంకోటి. నేను కళ్ళు మూసుకున్నాను.

"సూడు తాత."

చూశాను. భుజం ఉంది. మొత్తం ఉంది. చీర పోయిన మిగతా చోటంతా గోధుమ రంగు మసకలో ఉంటే, భుజం మీద రెండు వేళ్ళ వెడల్పున, రెండు గీతల మేర, మసక పలచబడి, కింద నుంచి కొలిమి వెలుగు పైకి వస్తోంది. మేమెవరమూ ఆ బొమ్మలో ఎప్పుడూ చూడని రంగు. గులాబీ, దాని అంచున నారింజ. బుద్రు చూపించిన ఇనుప ముక్క చివర ఉన్న నారింజే.

గొప్పపని చేశావని ఆమె అనలేదు, అనకపోవడమే మంచిది. మూడో గీత గీసి ఉంటే భుజం పోయేదని, నాది పనితనం కాదు అదృష్టమని మొహం మీదే చెప్పింది. వార్నిషు మీద నా గీరలు కనిపిస్తూనే ఉన్నాయి, ఆ వార్నిషు ఎలాగూ తీసేస్తామని అంది. ఒక మేలు మాత్రం ఒప్పుకుంది. ఈ ముప్పై ఏళ్ళ దుమ్ము చీర మీద పడింది కాబట్టి దేవత మీద పడలేదు.

ఆ గిన్నె నీళ్ళు నేనే బయటికి తీసుకెళ్ళి పారబోశాను. పారబోసి అక్కడే మెట్ల మీద కూర్చున్నాను. గుండెల మీద నుంచి బండరాయి ఎవరో దించి పక్కన పెట్టినట్టుంది. అంతలోనే నా మీద నాకు కోపం కూడా వచ్చింది. గనిదుమ్ములో పొర్లి బతికినవాణ్ణి, రంగు చూసి ఇనుము వేడి చెప్పడం నేర్చుకున్నవాణ్ణి, నా రోజువారీ దుమ్మును గుర్తుపట్టలేకపోయాను. భయపడి కళ్ళు తిప్పుకున్నాను కాబట్టి. ఆ రోజు నిచ్చెన మీద ఇంకొక్క నిమిషం చూసి ఉంటే సరిపోయేది. లేదా మర్నాడు తడి దూది పెట్టి ఉంటే. లేదా ఆ మంచి ఆఫీసరుకు నిజం చెప్పి ఉంటే. మూడు దారులూ తెరిచే ఉన్నాయి.

చెడగొట్టావని అనిపించిన చోటికి ముందుగా వెళ్ళి చూడండి. నేను నేర్పగలిగింది ఇదొక్కటే. మిగతాది ఏసురత్నం మేస్త్రీ చెప్పిందే, ముందు కాగితం, తర్వాత రంగు. ఒక్క సవరణ ఉంది. జేబులోకి చెయ్యి పోయేముందు, ఎదురుగా ఉన్నది వాగనో కాదో చూసుకోండి.

సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చాను. సత్యవతి గుమ్మంలోనే ఉంది. నా మొహం చూసి ఆమెకు సగం తెలిసిపోయినట్టుంది, నీళ్ళు ఇస్తూ అడిగింది.

"అయితే సీర ఇప్పేసినారా దానికి?"

"ఇప్పేస్తున్నారు. నీ సీర వల్ల మేలే అయిందట."

"అవదేటి? ముప్పై ఏళ్ళు కట్టింది. ఏ సీర అన్నాళ్ళొస్తాది?"

కడిగిన కాగితం ముక్కను సునీత నా చేతికి తిరిగి ఇచ్చింది. రేకు డబ్బాలో మళ్ళీ పెట్టలేదు. మా వీధి తలుపు గొళ్ళెం తుప్పుపట్టి, రంగు వేయాలని సత్యవతి రెండేళ్ళుగా అంటోంది. మర్నాడు పొద్దున అరుగు మీద కూర్చుని, ఆ ముక్కతోనే గొళ్ళెం గీరాను. గట్టిగా, షెడ్డులో గీరినట్టు. తుప్పు మొత్తం పోయి తెల్లటి ఇనుము కనిపించేదాకా. తర్వాత రంగు వేశాను. రెండు వానాకాలాలు గడిచాయి, రంగు ఇంకా పొర లేవలేదు.